ఏసోబు తాత కొట్టిన మేకులు

తడిసిన దూది పరుపు ఎండలో ఆరుతుంటే ఒక వాసన వస్తుంది. పైన సబ్బు వాసన, మధ్యలో ఎండ వాసన, అసలు సంగతి అడుగున ఉంటుంది. ఖమ్మం ఖానాపురం హవేలిలో నేను కిరాయికి ఉంటున్న ఇంటి డాబా మీదకి మొన్న ఆదివారం బట్టలు ఆరేయడానికి వెళితే ఆ వాసన ఎదురొచ్చింది. కింది వాటాలో ఉండే ఆవిడ పిట్టగోడ మీద చిన్న పరుపు ఒకటి వేసి, దాని మీద పాత చీర కప్పుతోంది. నన్ను చూడగానే "టీ ఒలికిందండీ" అంది. "అయ్యో, టీ మరక ఒక పట్టాన పోదు" అన్నాను. ఇద్దరం ఆ అబద్ధాన్ని చెరో కొస పట్టుకుని జాగ్రత్తగా మడతపెట్టాం. ఆవిడ మెట్లు దిగాక మాత్రం వెళ్ళి ఆ చీర తీసేశాను. చీర కప్పిన పరుపు సాయంత్రానికి కూడా ఆరదు, పైగా ముక్కవాసన పట్టుకుంటుంది. ఈ జ్ఞానం నాకు ఏసోబు తాత పెట్టిన భిక్ష. భిక్ష అనే మాట ఆయన వింటే ఒప్పుకునేవాడు కూడా. వినయం ఆయన ఒంటికి పడేది కాదు.

కొత్తగూడెంలో మేము బొగ్గు గని క్వార్టర్లలో ఉండేవాళ్ళం, నాన్నకి గనిలో పని. రెండు గదులు, వెనక చిన్న దొడ్డి, దొడ్డి చివర రేకు తలుపు ఉన్న మరుగుదొడ్డి. పక్క క్వార్టరుకీ మాకూ దొడ్లో నడుమెత్తు గోడ. ఆ గోడ అవతల కొడుకు దగ్గర ఉండేవాడు ఏసోబు తాత. గనిలో లాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. లాంపు రూమంటే, కిందికి దిగే ప్రతి మనిషికీ తలకి పెట్టుకునే లైటు ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకునే గది. తాతకి తన గొంతు మీద అపారమైన నమ్మకం. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడుతుంటే పాస్టరుగారు మర్యాదగా వెనక వరసకి మార్చారు. "ఎనకోళ్ళకు పాట ఇనబడుతలేదట, నన్ను ఏసిండ్రు" అని మా క్వార్టర్ల లైనంతా చెప్పుకున్నాడు.

నా తమ్ముడు కిట్టుకి అప్పుడు తొమ్మిదేళ్ళు. మాటలు తక్కువ. మనం అన్న మాటనే మళ్ళీ మనకి అప్పజెప్పేవాడు. కుక్కరు కూతకి చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు, కంచంలో అన్నానికి కూర తగిలితే ఆ పూట తిండి లేదు. రాత్రిళ్ళు పక్క తడిపేవాడు. ఖమ్మంలో పిల్లల డాక్టరమ్మ ఆటిజం అన్న మాట చెప్పింది. మా లైనుకి ఆ మాట మోసుకొచ్చింది మేమే. పక్క తడపడం మొండితనం కాదు, తిట్టొద్దు, కొట్టొద్దు, పగలు నీళ్ళు బాగా తాగించండి, చీకటి పడ్డాక టీ ఇవ్వకండి, పడుకునే ముందు దొడ్లోకి పంపండి, రోజూ పనులన్నీ ఒకే వరసలో చేయించండి, మెల్లగా దారికి వస్తుంది అని ఓపిగ్గా చెప్పింది. అమ్మ అన్నిటికీ తలూపింది. బయటికొచ్చి ఆటో ఎక్కాక, "అన్నీ చెప్పింది గానీ పక్క తడపకుండా ఏం చేయాలో చెప్పలేదే" అంది.

అమ్మ పుట్టిల్లు పెనుబల్లి. వ్యవసాయం చేసుకునే ఇల్లు, ఎప్పుడూ నలుగురు మనుషులుంటారు. అంతకు ముందు ఒకసారి వెళ్ళినప్పుడు మా పెద్దత్త, అంటే అమ్మ వాళ్ళ అన్నయ్య భార్య, కిట్టు పడుకునే చోట పరుపు మీద యూరియా బస్తా విప్పి పరిచింది. ఆమెకి చెడ్డ ఉద్దేశం లేదు, పరుపు కొత్తది. కానీ తెల్లారేసరికి పిల్లలంతా వాడిని యూరియా కిట్టు అని పిలవడం మొదలుపెట్టారు. వాడు కూడా సంతోషంగా "యూరియా కిట్టు" అన్నాడు. అమ్మ కాఫీ కూడా తాగకుండా మొదటి బస్సుకి మమ్మల్ని తీసుకుని వచ్చేసింది. ఆ తర్వాత పుట్టింటి గడప తొక్కలేదు. ఇప్పుడు ఆమె తమ్ముడికి, మా చిన్న మామకి, పెళ్ళి కుదిరింది. మామ పిలవడానికి వచ్చి, "ఒక్కగానొక్క అక్కవి, నువ్వు లేకుండా నాకు నలుగు పెట్టేదెవరు?" అన్నాడు. వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ, నేల చూస్తూ, "కిట్టుని ఎవరి దగ్గరన్నా ఉంచి రారాదూ?" అన్నాడు. అమ్మ నవ్వింది. మామ వెళ్ళాక తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. వాడిని వదిలి వెళ్ళదు, తీసుకుని వెళ్ళలేదు. తమ్ముడి పెళ్ళి ఆ రెండింటి మధ్య ఇరుక్కుపోయింది.

మర్నాడు పొద్దున అమ్మ దొడ్లో దండెం మీద పరుపు వేసి, చీర కప్పుతుంటే గోడ మీంచి తాత తల కనిపించింది.

"ఏందిది సుగుణమ్మా, పరుపుకు పెండ్లి జేస్తున్నవా? చీర కట్టినవ్?"

అమ్మ మొహం కందిపోయింది. "ఎవరన్నా చూస్తే బాగుండదు బాబాయ్."

"ఎవలు జూస్తరు? గీ లైన్ల అందరిండ్లల్ల పిల్లలే. అందరి పరుపులు ఎండకే ఆరుతయ్. చీర తియ్యి. రేపటిసంది వాన్నే ఎయ్యమను."

"వాడా?"

"వాని పరుపే గద. నాదైతే నేనే ఏస్తుంటి."

"మీది కూడా తెచ్చెయ్యండి తాతా, దండెం ఖాళీగానే ఉంది" అన్నాను నేను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నాలిక మీద అదుపు వచ్చే వయసు కాదు. ఇప్పటికీ రాలేదు.

"గీ పిల్లకు నోరున్నది గాని బ్రేకు లేదు" అని తాత నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది, ఈసారి గిన్నెల జోలికి వెళ్ళలేదు. చీర లాగి భుజాన వేసుకుంది. అమ్మ మూడేళ్ళుగా దాచిన సంగతి ఒక్క పూటలో లైనంతా చూసింది. చూసి, ఎవరి నీళ్ళు వాళ్ళు పట్టుకోవడానికి పంపు దగ్గరికి పోయారు. నాకు కొంచెం నిరాశగా కూడా అనిపించింది. మా ఇంటి రహస్యానికి మరీ అంత తక్కువ గిరాకీ ఉంటుందనుకోలేదు.

ఆ రోజు నుంచి తాత మా దొడ్లో తిష్ట వేశాడు. కుక్కరు కూత పడని కిట్టుకి గని సైరన్ మాత్రం ఇష్టమని కనిపెట్టింది ఆయనే. షిఫ్టు మారే వేళ దగ్గరపడితే వాడు గోడకి అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. సైరన్ మోగుతుంటే ఆ అదురు చేతిలోకి వస్తుందేమో, ముఖం తేటపడేది. "సైరనే వానికి సూపర్వైజరు" అని తాత తేల్చేశాడు. పొద్దుటి సైరన్‌కి లేవాలి, తడిసిన దుప్పటి తీసి నీలం బకెట్లో వేయాలి, దొడ్లోకి వెళ్ళాలి, పళ్ళు తోముకోవాలి. రాత్రి షిఫ్టు సైరన్‌కి ఇంకోసారి దొడ్లోకి. మొదట్లో వాడు మరుగుదొడ్డి దాకా వెళ్ళి చెవులు మూసుకుని వెనక్కి వచ్చేసేవాడు. తాత దెయ్యం భయం అనుకుని ప్రార్థన చేశాడు. నాన్న చీకటి భయం అనుకుని పెద్ద బల్బు పెట్టాడు. రేకు తలుపు సిమెంటుకి రాసుకుని కీచుమంటోందని చివరికి అమ్మ పసిగట్టింది. నాన్న అడుగున రేకు కాస్త కత్తిరించి బందులకి నూనె పోశాడు. దెయ్యం అదే రోజు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

పని జరిగింది. సైరన్ మోగడం, కిట్టు లేవడం. తడిసిన రోజు దుప్పటి బకెట్లోకి, తడవని రోజు మడతలోకి. పొడి పక్క మెల్లమెల్లగా వారంలో ఒకటి, ఆ పైన ఇంకోటి కనిపించసాగింది. అమ్మ ధైర్యం చేసి మామకి ఫోన్ చేసింది. "వస్తున్నాం. నలుగురం వస్తున్నాం" అని నలుగురం అన్న మాట నొక్కి చెప్పింది.

సరిగ్గా అప్పుడు గనుల్లో సమ్మె మొదలైంది. సమ్మె అంటే షిఫ్టు లేదు, షిఫ్టు లేకపోతే సైరన్ లేదు. ఇంత పథకం వేసిన పెద్దవాళ్ళలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. ఇద్దరు బొగ్గుగని మనుషులు, గోడకటూ ఇటూ, సూర్యుడు పొడవడం ఆగినా సైరన్ ఆగదన్న నమ్మకంతో బతికినవాళ్ళు. మొదటి రోజు పొద్దున కిట్టు లేవలేదు. తడిసిన పక్కలో కళ్ళు తెరుచుకుని, గోడకి చెయ్యి ఆనించి కూర్చున్నాడు. అమ్మ లేపబోతే అరిచాడు. దుప్పటి లాగితే ఇంకా గట్టిగా అరిచాడు. ఎండ నడింట్లోకి వచ్చేసింది, వాడు పళ్ళు తోమలేదు, మెతుకు ముట్టలేదు, అరచేత్తో చెవి మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపుతూ ఏడ్చేసింది.

తాత చూశాడు. మా వరండాలోకి వెళ్ళి, గొంతు సవరించుకుని, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని సైరన్ కూశాడు. కింది స్థాయిలో మొదలై, మెల్లగా లేచి, పైకి వెళ్ళి, అక్కడ కాస్త వణికి, దగ్గుతో దిగింది. నిజం చెప్పాలంటే చర్చిలో పాడే పాటల కన్నా చాలా మేలుగా ఉంది. లోపల కిట్టు చెయ్యి ఆగింది. లేచాడు. దుప్పటి తీసుకుని దొడ్లోకి నడిచాడు.

అయితే లైనంతా కూడా లేచింది. ఒకాయన సగం గడ్డం గీసుకుని బయటికొచ్చాడు. ఒకావిడ టిఫిను డబ్బా కడగడం మొదలుపెట్టింది. సమ్మెలో ఉన్న మా నాన్న, కొడుకు ఏడుపుకి దిక్కుతోచక నిలబడినవాడు కాస్తా, అలవాటు కొద్దీ మంచం కింద బూట్లు వెతుక్కున్నాడు. ఇంతలో యూనియన్ నాయకుడు సైకిలేసుకుని వచ్చాడు.

"ఏ గనిల మోగింది? సమ్మె ఇరిసిందెవడు?"

"గనిలో కాదు, ఈ వరండాలో" అన్నాను.

"నువ్వా తాతా? పెద్దమనిషివి, గిదేం పని? సమ్మె నడుస్తుంటే సైరన్ కూస్తవా?"

"నేను రిటైరైన మనిషిని. మీ సమ్మెల నేను లేను."

నాయకుడు లోపలికి తొంగి చూశాడు. దొడ్లో బకెట్ దగ్గర కిట్టునీ, కళ్ళు తుడుచుకుంటున్న అమ్మనీ చూసి సైకిల్ వెనక్కి తిప్పాడు. "సరే తియ్యి. ముందుగాల జెప్పి కుయ్యి" అన్నాడు. సమ్మె సాగినన్ని రోజులూ తాత వరండాలో నిలబడి, "ఇది కిట్టు సైరన్, ఎవలు లేవకుండ్రి" అని ప్రకటించి మరీ కూశాడు.

కానీ ఆ మొదటి రోజే, కిట్టుకి స్నానం అయ్యాక, అమ్మ మెల్లగా అడిగింది. "పెనుబల్లిలో ఎవరు కూస్తారు బాబాయ్?"

తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నేనొస్త పెండ్లికి" అన్నాడు.

"వద్దు తాతా, వాళ్ళు ఆల్రెడీ బ్యాండుకి అడ్వాన్సు ఇచ్చేశారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అమ్మ అప్పటికే మనసులో పెట్టె సర్దడం మానేసింది.

రెండు మూడు రోజులు సైరన్ కూసే వేళ తప్ప తాత మా వైపు తల పెట్టలేదు. రేకు కత్తిరిస్తున్న చప్పుడు మాత్రం వినిపించేది. తర్వాత ఒక చెక్క పలకతో వచ్చాడు. దాని మీద రెండు నిలువు వరసల్లో మేకులు. ఎడమ వరస మేకులకి నూనె డబ్బా రేకుతో చేసిన గుండ్రటి బిళ్ళలు వేలాడుతున్నాయి. ఒక్కో బిళ్ళ మీద గీకిన బొమ్మ: మంచం, బకెట్, తలుపు, పళ్ళ బ్రష్షు, చెంబు. బొమ్మలు ఆయన పాటకి తమ్ముళ్ళు, కానీ అర్థమయ్యాయి.

"లాంపు రూముల గిదే మా పద్ధతి. మనిషి బిళ్ళ ఇచ్చి లైటు తీసుకుంటడు. బిళ్ళ మేకుకు ఉన్నదంటే మనిషి ఇంక కిందనే ఉన్నడు. పైకొస్తే బిళ్ళ పోతది. అన్ని బిళ్ళలు పోయేదాంక నేను ఇంటికి పోకపోయేది." ఆగి, పలక మీద దుమ్ము తుడిచాడు. "ఒకపారి ఒక బిళ్ళ కదల్లే."

పలకను అమ్మ చేతికిచ్చాడు. ఆ మాట మీద నేను జోకు వేయలేదు. నా విషయంలో అది చెప్పుకోదగ్గ సంఘటనే.

కిట్టుకి పని అయిందంటే బిళ్ళ ఎడమ మేకు నుంచి కుడి మేకుకి మారాలి. వాడికి అది సైరన్ కన్నా నచ్చింది. సైరన్ దానంతటది వస్తుంది, ఇది వాడి చెయ్యి కదిపితేనే కదులుతుంది. అన్నిటికన్నా పైన తాత ముచ్చటపడి సూర్యుడి బొమ్మతో ఇంకో బిళ్ళ పెట్టాడు. పక్క పొడిగా ఉంటే అది జరపాలట. కిట్టు తడి పరుపు మీద కూర్చునే ఆ బిళ్ళని కూడా ఆనందంగా జరిపేశాడు. నాన్న, "అబద్ధం నేర్పుతున్నట్టుంది" అన్నాడు. ఇంకోరోజు నాన్న ఆ బిళ్ళని వెనక్కి పెడితే కిట్టు పొద్దంతా దాని ముందు నుంచి కదల్లేదు, మిగతా పనులు ఒక్కటీ చేయలేదు. తాత వచ్చి చూసి, ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు.

"నాదే తప్పు. పొడి అనేది పని గాదు. నిద్రల వాని చేతిల ఏమున్నది? చేతిల లేనిదానికి బిళ్ళ పెట్టొద్దు."

"మరి పెళ్ళిలో తడిపితే?" అంది అమ్మ.

"తడుపుతడు. బకెట్ల ఏస్తడు. నువ్వు ఎందుకు పోతున్నవ్, నలుగు పెట్టనీకా, పరుపుకు కాపలా ఉండనీకా?"

అమ్మ పెట్టె సర్దింది. పలకని చీరల మధ్య పెట్టింది.

పెనుబల్లిలో పెళ్ళికొడుకుని చేసే రోజు పొద్దున్నే ముంగిట్లో పందిరి కింద మామని పీట మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్ళంతా చేరి పాట ఎత్తుకున్నారు. అమ్మ నలుగు గిన్నెలో చెయ్యి పెట్టబోతోంది. అప్పుడు లోపలి గదిలోంచి కిట్టు వచ్చాడు. రెండు చేతులా తడి దుప్పటి. బొట్లు బొట్లుగా కారుతూ, ముగ్గు మీదుగా, పందిరి మధ్యలోంచి, ఎటూ చూడకుండా నీళ్ళ మోటారు దగ్గరికి నడిచాడు. వాడి ముఖంలో సిగ్గు అనేది మచ్చుకి కూడా లేదు. ఎవరూ నేర్పలేదు కదా. అక్కడ ఉన్నది ఒకటే బకెట్, దాని నిండా వంటవాళ్ళు వేసిన వంకాయలు. కిట్టు ఆగాడు. "బకెట్" అన్నాడు. కాసేపాగి మళ్ళీ, "బకెట్. బకెట్."

పాట ఆగిపోయింది. పెద్దత్త గుమ్మంలో నిలబడిపోయింది. ఒక పిల్లాడు "యూరియా..." అని మొదలుపెడితే వాళ్ళమ్మ నెత్తిన మొట్టింది. నేను అమ్మని చూశాను. చెయ్యి గిన్నె మీద అలాగే గాల్లో ఆగిపోయి ఉంది. కళ్ళు మాత్రం లోపల పెట్టె ఉన్న గది వైపు వెళ్ళాయి. మొదటి బస్సు ఎన్నింటికో ఆమెకి తెలుసు.

నాకు భయమేసింది. భయమేస్తే నాకు నోరు లేస్తుంది.

"ఎవరన్నా ఆ వంకాయలు ఖాళీ చేయండి. వాడు తన దుప్పటి తానే ఉతుక్కుంటాడు. మామా, బాగా చూసి నేర్చుకో. నువ్వు ఇంతవరకు తిన్న కంచం కూడా తీయలేదని రేపు వచ్చే అత్తకి నేను చెప్పేస్తా."

ముందు అమ్మమ్మ నవ్వింది, పళ్ళు లేని నోటితో, పెద్దగా. తర్వాత పీట మీద మామ. "నా కొంప ముంచేట్టున్నావే" అన్నాడు. పెద్దత్త గబగబా వెళ్ళి వంకాయల్ని పళ్ళెంలో కుమ్మరించి, బకెట్ కిట్టు ముందుకి తోసింది. "ఇటియ్యి నాన్నా, నేను పిండుతా" అని చెయ్యి చాపింది. కిట్టు ఇవ్వలేదు. "కిట్టు" అన్నాడు, అంటే ఇది నా పని అని. ఆమె ఒక్క క్షణం చూసి, చెంబుతో నీళ్ళు పోయసాగింది. వాడు బకెట్లోకి దిగి దుప్పటి తొక్కసాగాడు. పని అయ్యాక లోపలికి వెళ్ళి బిళ్ళ జరిపి వచ్చాడు. ఆ సరికి అమ్మ తమ్ముడి రెండు చెంపలకీ నలుగు పట్టించేసింది. అవసరమైన దాని కన్నా గట్టిగానే రుద్దింది.

మేము పెళ్ళి అయ్యేదాకా ఉన్నాం. తిరిగొచ్చాక అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి, "తడిపాడు బాబాయ్" అంది.

"పెండ్లి ఆగిందా?"

"లేదు."

"మరింకేంది. లడ్డు ఏమన్న తెచ్చినవా?"

కిట్టు పన్నెండేళ్ళు దాటాక దాదాపు పక్క తడపడం మానేశాడు. ఎందుకు మానేశాడో మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో సిద్ధాంతం ఉంది. పెరిగాడు కాబట్టి, అంది డాక్టరమ్మ, నేను ఆమె పార్టీ. తాత కిందటి వానాకాలం పోయాడు. జ్వరంతో దవాఖానాలో పడుకుని కూడా పక్క బెడ్డు ఆయనకి పాట నేర్పబోయాడట.

ఆయన నన్ను కూర్చోబెట్టి ఏదీ నేర్పలేదు. నేను అప్పటిదాకా జోకు అంటే మనిషికి సూది గుచ్చి పారిపోవడం అనుకునేదాన్ని, గురి బాగా కుదిరేది కూడా. పరుపుకి పెళ్ళి చేస్తున్నావా అని ఆయన మొదలుపెట్టిన మాటలకి, ఆఖరికి అమ్మ నవ్వి చీర లాగెయ్యడం గోడ పక్కనే నిలబడి చూశాను. పందిట్లో నేనన్న మాటకి ఆమె చెయ్యి గిన్నెలో మునగడం చూశాను. ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసులో ఎవరికైనా అందరి ముందూ తల కొట్టేసినట్టయి, మిగతావాళ్ళు గొంతులు తగ్గించి దిక్కులు చూసే వేళ, నేను ఏదో ఒకటి అంటాను. అన్ని సార్లూ కుదరదు, కొన్నిసార్లు చీవాట్లు కూడా తింటాను. అన్నాక నవ్వారా లేదా అని వాళ్ళ మూతి వైపు చూడను. ఆగిపోయిన చేతులు మళ్ళీ కదిలాయా అని చూస్తాను.